పద్నాలుగో నంబరు కాన్చెర్టో

ఆ రోజు పొద్దున కళ్ళజోళ్ళాయన చెయ్యవలసిన పని ఒక్కటే. పియానో మూత మీదున్న రెండు సంగీతం పుస్తకాలు సంచిలో వేసుకుని, దుకాణానికి వెళ్ళే దారిలో టైలరమ్మకు ఇచ్చేసి పోవాలి. స్టాండు మీదున్న మూడోది ఇంట్లో ఉంచాలి. ఇంత చిన్న పనిని కూడా తన భర్త చెడగొట్టగలడని టీచరమ్మకు తెలుసు. అయినా ముప్పై రెండేళ్ళ కాపురంలో అలవడిన మర్యాద కొద్దీ ఆ మాట అనకుండా, చెప్పిందే రెండుసార్లు చెప్పింది.

"మూత మీదవి రెండూ ఇచ్చెయ్యండి. స్టాండు మీదది మాత్రం ముట్టుకోకండి."

"ఒకసారి చెబితే చాలదూ?"

"ఒకసారి చెప్పిన పని ఈ ఇంట్లో ఎప్పుడైనా జరిగిందేమిటి?" అని ఆవిడ చెప్పులు వేసుకుని పాలకోసం వెళ్ళిపోయింది.

ఈ పుస్తకాల వెనక పదకొండేళ్ళ కథ ఉంది. ఆ ఊళ్ళో ఒక చిన్న ఆర్కెస్ట్రా ఉంది. వాయించేవాళ్ళు పదిహేను మంది. ఎవరికీ అది తిండి పెట్టే పని కాదు. పశువుల డాక్టరు ముందు నిలబడి చేతులూపుతాడు, బస్సు డ్రైవరు క్లారినెట్ ఊదుతాడు, పోస్టుమాస్టరు వయొలిన్‌కు తాతలాంటి చెల్లోను కాళ్ళమధ్య నిలబెట్టుకుని వాయిస్తాడు. ఈ పోస్టుమాస్టరు టీచరమ్మకు సొంత తమ్ముడు. ఏడాదికి ఒక్కసారి వాళ్ళు పియానో వాయించే వాళ్ళనెవరినైనా పిలిచి, కాన్చెర్టో ఒకటి చేస్తారు. కాన్చెర్టో అంటే పియానో మాట్లాడుతుంటే మిగతా వాద్యాలన్నీ ఊ కొట్టడం, ఉండుండి ఎదురు చెప్పడం, చివరికి అంతా ఒక మాట మీదికి రావడం.

ఆ పిలుపు కోసం, పిల్లలకు పియానో నేర్పే టీచరమ్మ పదకొండేళ్ళుగా వరసలో ఉంది. ఈలోగా ఆవిడ చెయ్యని కాన్చెర్టో లేదు, కాకపోతే అన్నీ రెండో పియానో మీద. పిల్లలు పరీక్షకో ప్రదర్శనకో కాన్చెర్టో వాయిస్తే, వెనక ఆర్కెస్ట్రా అంతా తనే. వయొలిన్లు తనే, బాకాలు తనే. చప్పట్లప్పుడు మాత్రం లేచి నిలబడకూడదు, అది పిల్లల వంతు. ఇప్పుడు తన వంతు వచ్చేసరికి కుడిచేతి బొటనవేలి కీలు వాచింది. "ఇంకో రెండు మూడేళ్ళు బాగానే ఉంటుంది," అన్నాడు ఎముకల డాక్టరు. తర్వాత సంగతి ఆయన చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

ఇక టైలరమ్మ. ఆర్కెస్ట్రాలో రెండో వరస వయొలిన్ ఆవిడది, పుస్తకాల బీరువా తాళం కూడా ఆవిడదే. పశువుల డాక్టరుకు స్వయానా చెల్లెలు. అన్నిటికీ ఖాకీ అట్టలు వేసి నంబర్లు కుట్టేసింది, అంటించలేదు, కుట్టింది. ఒకప్పుడు పియానోకు పిలిచిన పెద్దమనిషి ఒకాయన నాలుగుసార్లు మనసు మార్చుకుని, నాలుగుసార్లూ పదిహేను మందికీ ఆవిడ చేత ఎవరి వాద్యం కాగితాలు వాళ్ళకు పంచబెట్టించాడు. ఆ దెబ్బతో ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. మూడు పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్ళాలి. పదోరోజున రెండు తిరిగివ్వాలి. ఇంట్లో మిగిలిందే ఎంచుకున్నది. నోటి మాటలు చెల్లవు. ఆ సాయంత్రానికల్లా అందరి ఇళ్ళకూ కాగితాలు చేరతాయి. తర్వాత మార్చమన్నారా, పేరు వరసలో చివరికి పోతుంది.

టీచరమ్మ ఏడూ, పద్నాలుగూ, ఇరవై రెండూ తెచ్చుకుంది. పద్నాలుగు పెద్దది, లోతైనది, వేళ్ళు విరిచేది. దాన్ని నాలుగురోజులు స్టాండు మీద పెట్టింది, రెండు పేజీలు వాయించింది, మూసేసింది. "ఇది నా వల్ల కాదులెండి," అంది, ఎవరూ అడక్కుండానే. ఏడో నంబరు చిన్నది, గంతులేస్తూ పోతుంది. చిన్నప్పుడే నేర్చుకుంది కనక పుస్తకం చూడక్కర్లేదు. అదే స్టాండెక్కింది.

కళ్ళజోళ్ళాయనకు సంగీతంలో రెండే తెలుసు: వాయిస్తున్నారు, ఆపేశారు. కానీ శుభ్రంలో ఆయన తర్వాతే ఎవరైనా. సంచి తీసుకున్నాక పియానో మీద దుమ్ము కనబడింది. అద్దాలు తుడిచే గుడ్డ జేబులోనే ఉంది. మూడు పుస్తకాలూ దించి స్టూలు మీద పెట్టి, మూతా స్టాండూ మెరిసేలా తుడిచాడు. తుడవడం అయ్యాక చూస్తే మూడు ఖాకీ పుస్తకాలు, ఒకదానిమీద ఒకటి, ముగ్గురు కవలపిల్లల్లా ఉన్నాయి.

ఆయన కంగారుపడలేదు, ఆలోచించాడు. పదకొండేళ్ళు ఎదురుచూసిన మనిషి సన్నటి పుస్తకం ఎందుకు ఎంచుకుంటుంది? లావుపాటిది స్టాండు మీద పెట్టి, మిగతా రెండూ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

మూడోరోజు బావమరిది ముక్కుమీద జారిపోతున్న కళ్ళజోడు బిగించుకోవడానికి దుకాణానికి వచ్చాడు.

"బావా, అక్క గట్టిదే. పద్నాలుగో నంబరట. నేనింకా ఆ చిన్నదే తీసుకుంటుందనుకున్నా."

"చిన్నదేనయ్యా. ఏదో గంతులేసేది. పొద్దున్నే అదే వాయిస్తుంది."

"కాగితాలు పద్నాలుగువి వచ్చాయి మరి."

కళ్ళజోళ్ళాయన చేతిలోని స్క్రూ కింద పడింది. ఆవగింజలో సగముంటుంది, మళ్ళీ దొరకలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చూస్తే స్టాండు మీద ఖాకీ పుస్తకం మూసి ఉంది. మూలన ఎర్రదారంతో కుట్టిన అంకె పద్నాలుగు. వంటింట్లో టీచరమ్మ గంతులేసే పాట కూనిరాగం తీస్తోంది. ఆవిడ ఆ పుస్తకం తెరవనే లేదన్నమాట. తెరవవలసిన అవసరం ఏముంది, కంఠతా వచ్చినదాయె.

నిజం చెప్పేస్తే పోయేదే. కానీ ఆవిడ సంగతి ఆయనకు తెలుసు. విన్న మరుక్షణం టైలరమ్మ దగ్గరికి వెళ్ళి, "పొరపాటు మాదే, నా పేరు కిందికి దించెయ్యండి," అనే రకం. దించితే మళ్ళీ పదకొండేళ్ళు. ఆ బొటనవేలు అన్నేళ్ళు ఆగదు.

మర్నాడే బావమరిదిని దుకాణం వెనకగదిలో కూర్చోబెట్టాడు.

"రిహార్సల్ ఎప్పుడు?"

"మూడు వారాల్లో. ఆదివారం పొద్దున."

"ఆ రోజు మీరంతా చిన్నది మొదలుపెట్టేస్తే?"

"ఎలా పెడతాం బావా? డాక్టరుగారు చెయ్యి ఎత్తేది పద్నాలుగుకి."

"ఆయన చెయ్యి సంగతి నాకు తెలీదా? సగంమందికి పైగా ఎటు పోతే ఆయన చెయ్యీ అటే పోతుందన్నావు నువ్వేగా."

పోస్టుమాస్టరు ఆలోచించాడు. అది నిజమే. చిన్న కాన్చెర్టో ఆర్కెస్ట్రా ఆరేళ్ళ క్రితం ఒకసారి చేసింది, పాత కాగితాలు ఇంకా అందరిళ్ళలో ఎక్కడో ఒకచోట పడి ఉంటాయి. తన కాగితం అయితే ఊగే బల్ల కాలికింద ఉంది. "ఎనిమిదిమంది కావాలి. డాక్టరుగారికి చెప్పకు, చెబితే చెల్లెలి చెవిలో పడుతుంది. అక్కకు తెలిస్తే మాత్రం నా పేరెత్తకు బావా, నీకు పుణ్యముంటుంది."

ఎనిమిదిమందిని కూడగట్టడం కళ్ళజోళ్ళాయనకు కష్టమేమీ కాదనిపించింది. ఆర్కెస్ట్రాలో అందరి కళ్ళజోళ్ళూ ఆయన చేసినవే. చదువుకునే అద్దాలతో స్టాండు మీది కాగితం కనబడదు, దూరపుచూపు అద్దాలతోనూ కనబడదు. మధ్యలో మూరెడు దూరానికి వేరే అద్దం కావాలి. ఆ కొలత ఊళ్ళో తెలిసినవాడు ఆయనొక్కడే. "ఒకసారి చూపు చూస్తాను రండి," అంటే ఎవరైనా వస్తారు. గడ్డం చెక్కబద్ద మీద ఆనించి, కన్ను ఆర్పకుండా కూర్చున్న మనిషికి ఏ మాటైనా చెప్పవచ్చు, కదలలేడు.

కానీ ఒక్కొక్కరికీ ఒక్కొక్క కారణం చెప్పవలసి వచ్చింది. వయొలిన్‌కు అక్కలాంటి వయోలా వాయించే నర్సుకు, "మా ఆవిడకు ఆశ్చర్యం కలిగించాలని," అన్నాడు. ఆవిడకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పరీక్ష మళ్ళీ మొదట్నుంచి చెయ్యవలసి వచ్చింది. ఫ్లూటు వాయించే అక్కాచెల్లెళ్ళకు పెళ్ళిరోజన్నాడు. బస్సు డ్రైవరు మాత్రం దేనికీ లొంగలేదు.

"పెద్దదే బాగుంటదండి. క్లారినెట్‌కి మంచి ముక్క ఉంది దాంట్లో. చిన్నదాంట్లో నేను అరగంట కూర్చుని పదిసార్లు ఊదాలి, అంతే."

"ఆవిడ వేలు కొంచెం నెప్పిగా ఉంటోందయ్యా," అన్నాడు కళ్ళజోళ్ళాయన, వేరే దారిలేక. "ఎవరితో అనకు."

"అయ్యో. ఛ ఛ. నేనెందుకంటానండి."

బస్సు డ్రైవరుతో చెప్పడమంటే పందొమ్మిది స్టాపుల్లో చెప్పడం. మొదటి స్టాపులో వేలునొప్పి బయల్దేరింది, మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి మణికట్టయింది, ఆసుపత్రి మలుపు తిరిగేసరికి కట్టు కట్టారు. చివరి స్టాపులో దిగినవాళ్ళకు టీచరమ్మ ఇక పియానో ముట్టుకోదని తెలిసింది.

ఆ వారం ఇంటికి నాలుగు వేడినీళ్ళ సంచులు వచ్చాయి. ఒక శిష్యురాలి తల్లి వచ్చి, వద్దంటున్నా వినకుండా, వంటింట్లోకి వెళ్ళి కూరలన్నీ తరిగేసి పోయింది. ఇంకొకావిడ వాకిట్లోనే నిలబడి టీచరమ్మ ఎడమచెయ్యి పట్టుకుంది, కుడిచెయ్యి పట్టుకోవడానికి మనసొప్పక. పిల్లల తల్లులంతా కూడబలుక్కుని, "నెలరోజులు క్లాసులొద్దండీ, మీరు విశ్రాంతి తీసుకోండి," అని కబురు పెట్టారు.

"ఏమండీ," అంది టీచరమ్మ ఆ సాయంత్రం, ఒళ్ళో రెండు వేడినీళ్ళ సంచులతో. "నా చేతికేమైందో మీకేమైనా తెలుసా?"

"నీ చేతికేం? బాగానే ఉందిగా."

"నేనూ అదే అనుకుంటున్నా. ఊరంతా మరోలా అనుకుంటోంది."

"చలికాలం వస్తోందిగా. జనానికి అలా ఉంటుంది."

ఆవిడ ఆయనకేసి కాస్సేపు చూసింది. ఆయన తన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అప్పటికే అది తళతళలాడుతోంది.

చివరికి ఆయన ఏడుగురిని పోగుచేశాడు. ఎనిమిదో మనిషి బాకా ఊదే ఫైర్‌మన్. పిలిచిన ప్రతిసారీ ఎక్కడో మంటలంటుకున్నాయి. రిహార్సల్ ముందురోజు దొరికితే, "సరే సార్, అందరూ ఏది వాయిస్తే అదే ఊదుతాను," అన్నాడు. కళ్ళజోళ్ళాయన దాన్ని ఓటు కింద జమకట్టుకున్నాడు. ఈ మూడు వారాల్లో ఆయన తిండి తగ్గింది, నిద్ర తగ్గింది, ఇద్దరికి ఎడమ అద్దం కుడివైపు బిగించి పంపాడు. పొద్దున్నే గడ్డం గీసుకుంటూంటే పక్కగదిలోంచి గంతులేసే పాట వినబడేది. పాపం, ఏమీ ఎరుగదు, అనుకునేవాడు. ఆ ధ్యాసలో చెంప తెగేది.

ఆదివారం వచ్చింది. రిహార్సల్ హాలు ఫైర్‌స్టేషన్ మీది అంతస్తులో ఉంది. కింద రెండు ఎర్రబండ్లు, పైన పదిహేను కుర్చీలు, ఒక పాత పియానో. టీచరమ్మ బూడిదరంగు చీరలో వచ్చి స్టూలు ఎత్తు సరిచేసుకుంది. ఫ్లూటు అక్కాచెల్లెళ్ళు లేచి వచ్చి ఆవిడ చేతిలో ఒక మెత్తటి దిండు పెట్టారు. దాని మీద 'ఇన్నేళ్ళ సేవకు కృతజ్ఞతలు' అని కుట్టి ఉంది. టీచరమ్మ దాన్ని రెండుసార్లు చదివి, స్టూలు మీద వేసుకుని కూర్చుంది. కళ్ళజోళ్ళాయన గోడవారన నిలబడ్డాడు.

పశువుల డాక్టరు చెయ్యి ఎత్తాడు, దించాడు.

పద్నాలుగో నంబరు మంద్రంగా మొదలవుతుంది, పక్కగదిలో ఎవరో తమలో తాము గొణుక్కుంటున్నట్టు. ఏడో నంబరు అంతా ఒక్కసారిగా తలుపు తోసుకుని లోపలికి వచ్చినట్టు మొదలవుతుంది. ఆ హాల్లో ఆ పూట రెండూ కలిసి మొదలయ్యాయి. ఏడుగురు గొణిగారు, ఏడుగురు గంతులేశారు. ఫైర్‌మన్ అందరూ ఎటు పోతే అటు పోదామని బాకా పెదాలకు ఆనించుకుని, అటూ ఇటూ చూస్తూ ఉండిపోయాడు. డాక్టరు చేతులు కొంతసేపు దీన్ని అనుసరించాయి, కొంతసేపు దాన్ని. మొదటి రిహార్సల్ ఎప్పుడూ ఇంచుమించు ఇలాగే ఉంటుంది కాబట్టి ఏదో తేడా ఉందని ఆయనకు తోచడానికి అరనిమిషం పట్టింది.

"ఆగండి. ఆగండాగండి. మనం ఏది వాయిస్తున్నాం?"

"పద్నాలుగు," అన్నారు సగం మంది.

"ఏడు," అన్నారు మిగతా సగం.

"ఏడేమిటి?" అని టైలరమ్మ వయొలిన్ ఒళ్ళో పెట్టుకుంది. "నేను పంచింది పద్నాలుగు. ఏడు ఎవరు పంచారు?"

నర్సు, "ఆశ్చర్యం కలిగించాలని..." అంది. ఫ్లూటు చెల్లెలు, "పెళ్ళిరోజు కదా," అంది. బస్సు డ్రైవరు టీచరమ్మ చేతికేసి జాలిగా చూశాడు. పోస్టుమాస్టరు చెల్లో వెనక దాక్కోవడానికి ప్రయత్నించాడు గానీ ఆయన చెల్లో కంటే వెడల్పు. హాల్లోని కళ్ళన్నీ గోడవైపు తిరిగాయి. అన్నీ ఆయన అమర్చిన అద్దాల్లోంచే.

కళ్ళజోళ్ళాయన ముందుకు వచ్చాడు. దుమ్ము తుడవడం దగ్గర్నుంచి మొత్తం చెప్పాడు. చెప్పేటప్పుడు ఎవరికేసీ చూడలేదు, పియానో కాలికేసి చూశాడు. "తప్పు నాది. ఆవిడకు ఇందులో ఏమీ తెలీదు. ఆవిడ ఎంచుకున్నది చిన్నదే. వరసలోంచి తియ్యాలంటే నన్ను తియ్యండి," అన్నాడు.

"మీరు వరసలో లేరుగా," అంది టైలరమ్మ.

"నాకు తెలుసు," అంది టీచరమ్మ.

"ఏం తెలుసు?"

"పుస్తకం మారిందని. ఆ సాయంత్రమే చూశాను. అంత పెద్ద ఎర్ర అంకె కనబడదా? నా కళ్ళజోడూ మీరిచ్చిందేగా."

కళ్ళజోళ్ళాయన పియానో కాలి మీంచి చూపు ఆవిడ మీదికి తిప్పాడు.

"మరి పొద్దున్నే ఆ గంతులేసేది?"

"అది మీకోసం. మీరు దుకాణానికి వెళ్ళాక ఇది." ఆవిడ పుస్తకం మీద చెయ్యి వేసింది. "క్లాసులు కూడా లేకపోయె. రోజుకి ఆరుగంటలు దొరికాయి. పెళ్ళయ్యాక నాకు అన్ని గంటలు ఎప్పుడూ దొరకలేదు."

"చెప్పొచ్చుగా నాకు."

"చెబితే వెనక్కివ్వాలిగా. ఇదిగో, నా అంతట నేనైతే దీన్ని ఉంచుకునేదాన్ని కాదు, అంత ధైర్యం నాకెక్కడిది? ఎవరో తెచ్చి స్టాండు మీద పెట్టేశారు. పెట్టారు కదా, చూద్దాం అనుకున్నా. రాకపోతే ఇవాళ ఇక్కడికొచ్చి, అయ్యో మావారు పొరపాటు చేశారండీ అని మీమీదకు తోసేద్దామనుకున్నా." ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "వరస పోయినా సరే, తప్పు నాది కాదుగా."

ఫైర్‌మన్ బాకాలోకి దగ్గాడు. ఎవరూ నవ్వలేదు, కానీ చాలామంది తమ కాగితాలు సరిచేసుకున్నారు.

టైలరమ్మ మాత్రం కదల్లేదు. "నా పద్ధతి ప్రకారం ఇంట్లో మిగిలిందే ఎంచుకున్నది. పద్నాలుగే మిగిలింది, మీరు మార్చమనలేదు. అందులో తప్పేం లేదు. కానీ టీచరుగారూ, మిగలడం వేరు, ఎంచుకోవడం వేరు. ఈ ఒక్కసారికి నోటి మాట తీసుకుంటాను. మీకేది కావాలి?"

టీచరమ్మ తన బొటనవేలిని రెండోచేత్తో పట్టుకుంది. శిష్యులకు ఏది నప్పుతుందో, ఏ పిల్ల చేతులు ఎంత సాగుతాయో, ఎవరికి ఏది ఇస్తే భయపడకుండా వాయిస్తారో ముప్పయ్యేళ్ళుగా ఎంచి పెడుతోంది ఆవిడ. తనకేది కావాలని అడిగినవాళ్ళు లేరు. ఆవిడ భర్తకేసి చూసింది. ఆయన సాయం చేద్దామని ముందుకు వంగాడు. అప్పుడే పోస్టుమాస్టరు బూటు ఆయన కాలిమీద గట్టిగా పడింది.

"బావా, నువ్వు ఊరుకో," అన్నాడు తమ్ముడు మెల్లిగా.

"పెద్దది," అంది టీచరమ్మ. అది చాలదన్నట్టు మళ్ళీ అంది. "పద్నాలుగు. నాకు పద్నాలుగు కావాలి."

డాక్టరు చెయ్యి మళ్ళీ ఎత్తాడు. ఈసారి ఏడుగురు గొణిగారు, చిన్నది నేర్చుకున్న ఏడుగురు కొత్త కాగితాల్లో వేలు పెట్టుకుని దారి వెతుక్కుంటూ వెనక నడిచారు. బస్సు డ్రైవరు తనకు రావలసిన మంచి ముక్కను రెండు వరసలు ముందే ఊదేసి, అసలు చోటు వచ్చాక మళ్ళీ ఊదాడు. ఆ తర్వాత అంతా ఒక్కసారి ఆగిపోయారు. ఆ ఖాళీలోకి పియానో ఒక్కటే వచ్చింది.

కళ్ళజోళ్ళాయన గోడకు ఆనుకుని విన్నాడు. పక్కగదిలోంచి వచ్చే పియానో అంతా తాను విన్నదేనని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. ఇది ఎప్పుడూ వినలేదు. అది ఎవరినీ దేబిరించడం లేదు, ఎవరికీ ఊ కొట్టడం లేదు. తాపీగా, మాట పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డురారని నమ్మకమున్న మనిషిలా మాట్లాడుతోంది. నాలుగో పేజీలో వేళ్ళు తడబడి, ఒక ముక్క చెదిరిపోయింది. ఆవిడ ఆగలేదు, ఎగిరి అవతల దిగి వెళ్ళిపోయింది. ఆర్కెస్ట్రా కూడా ఆవిడ వెనకే ఎగిరింది, తలో చోట దిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. ఈసారి దానికి అవసరముంది.

తిరిగి వస్తూ దిండు ఆయన పట్టుకున్నాడు, పుస్తకం ఆవిడ పట్టుకుంది. రెండు వీధులు దాటారు.

"నామీదకు తోసేసేదానివా నిజంగా?"

"తోసేసేదాన్నే."

"మంచిదే. ఎవరిమీదకు తోస్తావులే ఇంకా."

ఆవిడ చెయ్యి ఆయన మోచేతి మీద వేసింది, కుడిచెయ్యే. ఇంటికి వెళ్ళగానే చీరైనా మార్చుకోకుండా, చెదిరిపోయిన ఆ నాలుగో పేజీ ముక్క దగ్గర కూర్చుంది. ఆయన కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు, ఇకమీదట గోడ అవతల్నుంచి వినేది లేదని నిశ్చయించుకుని. ఆవిడ ఆ ముక్క నలభైసార్లు వాయించింది, తర్వాత లెక్క తప్పింది.

సాయంత్రానికి అది ఆయన నోటికి వచ్చేసింది, ఆవిడ వేళ్ళకే ఇంకా రాలేదు.